మాటలు రాని పిల్లాడు

2008 ఎండాకాలంలో చర్ల దగ్గర అడవిలో, ఒక వలస గూడెంలో కొన్ని వారాలు పిల్లలతో ఉన్నాను. బడి అంటే నాలుగు గుంజల మీద ఆకుల పందిరి, అంతే. అక్కడున్న కుటుంబాలన్నీ పక్కనున్న ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ నుంచి వచ్చినవే. 2005లో మావోయిస్టులకి వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వా జుడుం దళాలు మొదలయ్యాక ఒకవైపు జుడుం వాళ్లు, పోలీసులు, ఇంకోవైపు మావోయిస్టులు, మధ్యలో ఊళ్లు తగలబడుతుంటే చేతికి దొరికింది పట్టుకుని సరిహద్దు దాటేశారు. ఇక్కడ వాళ్లని గొత్తికోయలంటారు.

ఏడేళ్ల పిల్లాడొకడు రోజూ వచ్చి గుంజకి ఆనుకుని కూర్చునేవాడు. ఏం అడిగినా పలికేవాడు కాదు. చూసిన ఘోరాలకి మాట పడిపోయిందని నా నోట్‌బుక్‌లో రాసేసుకున్నాను, కౌన్సెలర్ కోసం ఫోన్లు కూడా చేశాను. అదే గూడెం కుర్రాడు ఒకతను రెండు రోజులు చూసి, "అక్కా, వాడికి మాటలొచ్చు, మీ మాటే రాదు" అన్నాడు. వాడి పక్కన కూర్చుని కోయ భాషలో ఏదో అడిగాడు. ఇక చూడండి, వదిలేసి వచ్చిన మేక గురించి మధ్యాహ్నం దాకా చెబుతూనే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

వాడికి భయం లేదని కాదు. జీపు చప్పుడు వింటే పిల్లలందరూ చెట్లలోకి పరుగెత్తేవాళ్లు. కానీ ఆ భయం పాతదొక్కటే కాదు. ఉన్నది రిజర్వ్ ఫారెస్ట్, గుడిసె ఎప్పుడు పీకేస్తారో అన్న టెన్షన్ పెద్దవాళ్లకి రోజూ ఉంటుంది, అది పిల్లలకి తెలియకుండా ఉంటుందా? పైగా ఛత్తీస్‌గఢ్‌లో ఎస్టీలైన వాళ్లకి ఇక్కడ ఆ సర్టిఫికెట్ చెల్లదు. 2011లో సుప్రీంకోర్టు మావోయిస్టుల మీదికి ఆదివాసీ యువకులకి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది, అయినా వేలమంది ఇక్కడే ఉండిపోయారు.

ఇలాంటి విపత్తుల్లో చిక్కుకున్నవాళ్ల మానసిక ఆరోగ్యం గురించి 2007లో అంతర్జాతీయ సంస్థలు కొన్ని కలిసి మార్గదర్శకాలు తెచ్చాయి. అందులో సాయం మెట్లు మెట్లుగా ఉంటుంది. అడుగున ఉండేవి తిండి, నీళ్లు, భద్రత, దానిపైన కుటుంబం, తనవాళ్లు, ఆట, బడి. డాక్టర్లు, నిపుణులు అన్నిటికన్నా పైన, అదీ కొద్దిమందికే. నేను నేరుగా పై మెట్టు దగ్గర మొదలుపెట్టాను.

అలాంటి చోటికి వెళ్లే వాళ్లకి నాదొక విన్నపం. ముందు కోయ మాట్లాడే మనిషిని గూడెంలోనే వెతికి, జీతమిచ్చి పెట్టుకోండి. మిరప కోతలప్పుడు పిల్లలు అమ్మానాన్నల వెంట తోటలకి పోతారు, ఆ రోజుల్లో పందిరి తోట గట్టు మీదే వేయండి.