ఎడమ ఇంజెక్టర్ మళ్ళీ తొమ్మిది దగ్గరే వదిలేసింది

శనివారం ఇంగ్లండ్‌లోని మా షెడ్డులో పాత రైలింజనుకు స్టీమ్ ఎక్కించాం. దానికి రెండు ఇంజెక్టర్లు, అంటే ఆవిరి బలంతో బాయిలర్‌లోకి నీళ్ళు నెట్టే పరికరాలు. కుడి ఇంజెక్టర్ తిప్పగానే పట్టుకుంది. ఎడమది ప్రెషర్ గేజి 5 (చదరపు సెం.మీ.కు కేజీలు) చూపించినప్పుడు పట్టుకుంది, 7లోనూ పట్టుకుంది. 8 దాటాక ఓవర్‌ఫ్లో (మిగులు నీళ్ళు బయటికి పోయే గొట్టం) నుంచి సన్నగా నీళ్ళు కారడం మొదలైంది. 9 కేజీల దగ్గరికి వచ్చేసరికి ఫట్‌మని వదిలేసి ఆవిరి కక్కింది. మూసి, కాసేపు చల్లారనిచ్చి మళ్ళీ తెరిస్తే అదే వరస. నీళ్ళ కవాటం కొంచెం తగ్గిస్తే ఇంకో పావు కేజీ దాకా సాగింది, అంతే. ఈ ఇంజనులో నన్ను ఇంతగా విసిగించిన భాగం ఇంకొకటి లేదు. కానీ ఈసారి కారణం దొరికిందనే అనుకుంటున్నాను. అందుకే ఇంత పొడుగు రాత.

కొత్తగా చదివేవాళ్ళకు రెండు ముక్కలు. మాది ఫిన్లాండ్ రైల్వే టీకే3 రకం స్టీమ్ ఇంజను. అక్కడివాళ్ళు ముద్దుగా చిన్న జంబో అంటారు. 1927 నుంచి 1953 దాకా 161 తయారయ్యాయి. యాక్సిల్ మీద 10.7 టన్నులే పడుతుంది కాబట్టి తేలిక పట్టాలున్న బ్రాంచి లైన్లన్నీ తిరిగింది. స్టీమ్ రోజులు అయిపోయాక కూడా ఫిన్లాండ్ కొన్ని ఇంజన్లను అత్యవసర నిల్వగా దాచి ఉంచింది. తర్వాత వాటిని అమ్మేసినప్పుడు కొన్ని సముద్రం దాటి ఇంగ్లండ్ వచ్చాయి. మనకు బ్రాడ్ గేజి అంటే 1676 మి.మీ., వాళ్ళది 1524. రష్యన్ సామ్రాజ్యంలో ఉండగా 1862లో హెల్సింకి నుంచి హామీన్లిన్నాకు వేసిన తొలి లైను కొలత అది. ఇంగ్లండ్‌లో పట్టాలు 1435. అంటే మా షెడ్డు ముందు మేమే వేసుకున్న ముక్క తప్ప దీనికి నడవడానికి చోటే లేదు. ఆ ముక్క ఈ నెల ఇంకో 18 మీటర్లు పెరిగింది, గేజి అంతటా సరిగ్గానే ఉంది.

ఇక అసలు గొడవ. బాయిలర్‌కు నీళ్ళు పంపే దారులు రెండు ఉండాలి, ఒకదానితో ఇంకొకదానికి సంబంధం ఉండకూడదు. కుడిది ఎంత బాగా పనిచేసినా ఎడమది రెడ్ లైన్ (గేజి మీద గరిష్ఠ ప్రెషర్ చూపే ఎర్ర గీత) దగ్గర పట్టకపోతే ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టడు. పెట్టకూడదు కూడా.

మొదట నీటి వేడి చూశాం. టెండర్‌లో (ఇంజను వెనక నీళ్ళు మోసే బండి) 14 డిగ్రీలు, రోజంతా ఎండలో నిలబెట్టాక 19. ఇంత చల్లటి నీటికి ఏ ఇంజెక్టరూ మొరాయించదు. దాన్ని పక్కన పెట్టాం.

తర్వాత గాలి. టెండర్ హోస్ నుంచి ఇంజెక్టర్ దాకా ఉన్న పైపు మొత్తం రెండు చివరలా బిగించి, 0.3 బార్ గాలి ఎక్కించి సబ్బునీళ్ళు పూశాం. హోస్ యూనియన్ దగ్గర ఒకే ఒక్క బుడగ, అదీ నాలుగైదు సెకన్లకొకటి. నీళ్ళు ఉన్నప్పుడు అక్కడ చుక్క కూడా కారదు, పైనుంచి చూస్తే పొడిగానే ఉంటుంది. కానీ ఇంజెక్టర్ లాగేటప్పుడు గాలి లోపలికి పోతుంది. పాత ఫైబర్ వాషర్ తీసి నూనెలో నానబెట్టిన తోలు వాషర్ వేశాం. ఇలాంటి చోట్ల టెఫ్లాన్ టేపు చుట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. దాని పోగు ఒక్కటి ఊడి కోన్‌లోకి (ఇంజెక్టర్ లోపల ధార పోయే గరాటులాంటి ముక్క) పోయిందంటే ఆ రోజు పని ముగిసినట్టే. వాషర్ మార్చాక గరగరమనే చప్పుడు తగ్గింది కానీ వదిలేసే చోటు మారలేదు.

మూడోది క్లాక్ వాల్వ్, అంటే నీళ్ళను బాయిలర్‌లోకి పోనిచ్చి వెనక్కి రానివ్వని వాల్వ్. రెండు ఇంజెక్టర్లూ మూసి అరగంట ఆగి ఇంజెక్టర్ ఒంటి మీద థర్మోకపుల్ (తాకించి వేడి కొలిచే తీగ) పెట్టి చూస్తే కుడిది 31 డిగ్రీలు, ఎడమది 74. దూరం నుంచి చూపించే ఇన్‌ఫ్రారెడ్ తుపాకీని ఈ పనికి నమ్మొద్దు, మెరిసే కంచు మీద అది తోచిన అంకె చెబుతుంది. 74 అంటే బాయిలర్ నీళ్ళు వాల్వ్ దాటి వెనక్కి వస్తున్నట్టే. ఊడదీసి చూస్తే సీటు (వాల్వ్ కూర్చునే అంచు) మీద ఒకవైపు గీత, ఆ గీత వెంట తెల్లటి సున్నపు పొర. నూరాం. రెండు మిల్లీమీటర్ల వెడల్పున చెదిరిపోయిన సీటు 1.2కి వచ్చింది, ఎక్కడ తాకుతోందో చూడడానికి పూసే ప్రష్యన్ బ్లూ రంగు చుట్టూ తెగకుండా అంటింది. తర్వాత ఒంటి వేడి 38కి దిగింది. ఇంజెక్టర్ 9.2 దాకా నిలిచింది. ఆ వారం నాకు భలే సంతోషం. తర్వాతి స్టీమింగ్‌లో మళ్ళీ 9 దగ్గరే.

అప్పుడు కోన్లు బయటికి తీశాం. సున్నం పట్టి ఉంది. గోరువెచ్చటి సిట్రిక్ యాసిడ్‌లో రాత్రంతా ఉంచితే శుభ్రంగా వచ్చేసింది. కొందరు ఇటుకలు కడిగే యాసిడ్ వాడతారు. పని తొందరగా అవుతుంది కానీ కంచులోని జింకును తినేస్తుంది, కోన్ లోపలి నునుపు పోతుంది. నేను ఆ దారి పట్టను.

కడిగాక కొలతలు. మా దగ్గరున్న మిటుటోయో కాలిపర్ పాతదే అయినా నా నమ్మకం దానిమీదే. గొంతు దగ్గర మాత్రం కాలిపర్ మూతి దూరదు కాబట్టి టేపర్ పిన్నులతో కొలిచాం. వరసగా స్టీమ్, కంబైనింగ్, డెలివరీ అని కోన్లు మూడు. కుడి డెలివరీ కోన్ గొంతు 9.02 మి.మీ., గుండ్రంగా ఉంది. ఎడమది ఒకవైపు 9.18, దానికి అడ్డంగా 9.31. కోడిగుడ్డు ఆకారం. అరుగుదల అన్ని వైపులా సమంగా ఉంటే వయసు అనుకోవచ్చు, ఇలా ఒకపక్కకే తినేసిందంటే నీటి ధార నేరుగా రావడం లేదన్నమాట. స్టీమ్ కోన్లు రెండూ దాదాపు ఒకటే.

షెడ్డులో అందరికంటే పెద్దాయన ఒక మాటన్నారు: కొలవడం ఆపి కోన్లు అటూ ఇటూ మార్చి చూడండి అని. మార్చాం. అరిగిన ఎడమ కోన్లు కుడి ఒంట్లో వేస్తే ఓవర్‌ఫ్లో దగ్గర కొద్దిగా కారుతూనే 9.8 దాకా పనిచేశాయి. కుడివైపు మంచి కోన్లు ఎడమ ఒంట్లో వేస్తే 9 దగ్గర ఫట్. అంటే రోగం కోన్లది కాదు, ఒంటిది. కోన్ అరుగుదల దాని ఫలితం మాత్రమే.

అక్కడి నుంచి పని ఆసక్తిగా మారింది. సిల్వర్ స్టీల్ కడ్డీ ఒకటి మెట్లుగా తిప్పాం. కంబైనింగ్ కోన్‌లో ఒక మెట్టు, డెలివరీ కోన్ గొంతులో ఇంకో మెట్టు సరిగ్గా జారేలా. కుడి ఇంజెక్టర్‌లో నిలువుగా పట్టుకుని వదిలితే కడ్డీ తన బరువుకే కిందికి దిగిపోయింది. ఎడమదాంట్లో 3 మి.మీ. మిగిలి ఉండగా ఆగిపోయింది. కొన మీద నీలం పూసి చూస్తే ఒక్క పక్కనే, గోరంత చోట, చెరిగిపోయింది. ఊరికే చేతికి తోచి అడుగున కోన్‌ను పట్టి ఉంచే క్యాపు అర చుట్టు వదులు చేశాను. కడ్డీ టక్కున జారి కింద పడింది. బిగిస్తే మళ్ళీ పట్టేసింది. వదులు చేస్తే జారింది. పక్కవాళ్ళను పిలిచి అందరిచేతా చేయించాను.

తప్పంతా ఆ క్యాపుదే. పిచ్ గేజి పెట్టి చూస్తే ఒంటి మీద మర 2 మి.మీ. పిచ్ (ఒక చుట్టు నుంచి ఇంకో చుట్టుకు దూరం). క్యాపు లోపలి మర అంగుళానికి 12 చుట్లు, అంటే 2.117 మి.మీ. ఎనిమిది చుట్లకు 0.93 మి.మీ. తేడా. మర కోణాలు కూడా వేరు, ఒకటి 60 డిగ్రీలు, ఇంకొకటి 55. ఫిన్లాండ్ క్యాపు ఎప్పుడో పోయింది, ఎవరో ఇక్కడి కొలతలతో కొత్తది తిప్పి, వదులుగా కోసి, బలవంతంగా ఎక్కించారు. అది రెండు చుట్లు తిన్నగా వెళ్ళి, మూడో చుట్టు నుంచి ఒరిగి, కోన్ అంచును ఒకవైపు మాత్రమే నొక్కుతోంది. కోన్ తన చోటులో ఉన్న సందుకు తగ్గట్టు వంగుతోంది. తక్కువ ప్రెషర్‌లో ధార నెమ్మదిగా ఉంటుంది కాబట్టి ఆ వంపు సర్దుకుపోతోంది, 9 దగ్గర ధార గొంతు అంచును కొట్టి చెదిరిపోతోంది. ఈ ఆఖరి ముక్క నా ఊహ. క్యాపు ఒరుగుదల మాత్రం ఊహ కాదు, నీలం పూసిన అంచు చెప్పింది: ముప్పాతిక వంతు చుట్టు ఎక్కడా అంటలేదు.

పరాయి దేశంలో ఇంజను నిలబెట్టడంలో ఉన్న కష్టమంతా నాకు ఆ క్యాపులో కనబడింది. ఫిన్లాండ్‌లో అయితే పక్క ఇంజను నుంచి ఒకటి తెచ్చి బిగించేవాళ్ళు. ఇక్కడ డబ్బాలో దొరికే మర కోసే ప్రతి ట్యాపూ విట్‌వర్త్ (పాత బ్రిటిష్ అంగుళాల మర) కొలతది, కాస్త తొందరపడితే ఇంజను ముక్కముక్కగా ఇంగ్లీషుదైపోతుంది.

కారణం దొరక్క ముందు ఇదంతా వదిలేసి బ్రిటిష్ ఇంజెక్టర్ ఒకటి కొని పెట్టేద్దామన్న మాట షెడ్డులో గట్టిగానే నడిచింది. నేను ఒప్పుకోలేదు. పైపులు వంచాలి, బ్రాకెట్లు కోయాలి, ఫుట్‌ప్లేట్ (డ్రైవరు నిలబడే చోటు) మీద రెండు వైపులా రెండు దేశాలు కనబడతాయి. ఇదే తర్కంతో కొందరు ఏకంగా 1435కి మార్చేయమంటారు. అమెరికాలో అలా జరిగింది నిజమే. 1917 విప్లవం తర్వాత రష్యాకు వెళ్ళలేక అక్కడే చిక్కుకుపోయిన సుమారు 200 డెకపాడ్లకు (రష్యా కోసం అమెరికాలో కట్టిన ఇంజన్లు) వెడల్పు ఇనుప టైర్లు వేసి అమెరికా పట్టాల మీదకు దింపారు. వాటిలో ఒకటి, 1918 నాటి బాల్డ్విన్ ఇంజను ఫ్రిస్కో 1630 ఇల్లినాయ్ రైల్వే మ్యూజియంలో ఉంది, నాకు చాలా ఇష్టమైన ఇంజను. కానీ అవి అలా మారాకే బతుకంతా పనిచేశాయి, వాటి చరిత్రే అది. మా టీకే3 తన పనికాలమంతా 1524 మీద తిరిగింది. ఒక్కో పక్క 44.5 మి.మీ. లోపలికి జరపాలంటే ఫ్రేము, బ్రేకు హ్యాంగర్లు అన్నీ అడ్డొస్తాయి. అన్నీ మార్చాక మిగిలేది ఏమిటి? మాంచెస్టర్ మ్యూజియంలో ఎస్పీఎస్ 3157 అనే ఇంజను చూశాను. ఇంగ్లండ్‌లోని వల్కన్ ఫౌండ్రీలో 1911లో పుట్టి, నార్త్ వెస్టర్న్ రైల్వేలో నడిచి, దేశ విభజనతో పాకిస్తాన్‌దై, చివరికి పుట్టింటికి చేరింది. అది కదలదు. కానీ దాని చక్రాల మధ్య 1676 అలాగే ఉంది. ముందు నిలబడి చూస్తే ఆ వెడల్పు ఒంటికి తెలుస్తుంది. మాకు కదిలే ఇంజనూ కావాలి, ఆ వెడల్పూ కావాలి. అందుకే పట్టాలు వేస్తున్నాం.

ఇక ముందు పని. కొత్త క్యాపు ఎల్‌జీ2 గన్‌మెటల్‌లో (ఒక రకం కంచు) తిప్పుతాం. మా కోల్చెస్టర్ లేత్ చక్కటి మెషీను, పాతికేళ్ళు ఎవరూ దయచూపకపోయినా ఇంకా తిన్నగా కోస్తుంది. కానీ మర కోసేటప్పుడు పనిముట్టును నడిపే లీడ్ స్క్రూ అంగుళాలది, మెట్రిక్ మర కోయడానికి కావాల్సిన 127 పళ్ళ చక్రం మా దగ్గర లేదు. 80కి 63 పళ్ళ జత పెడితే తేడా నూటికి 0.0125 వంతు మాత్రమే. 20 మి.మీ. పొడవు మరకు 0.0025 మి.మీ., పట్టించుకోనక్కర్లేదు. ఒంటి మీద నలిగిన చుట్లను 2 మి.మీ. థ్రెడ్ ఫైలుతో చేత్తోనే సరిచేస్తాను, డై ఎక్కిస్తే ఉన్న లోహం కూడా పోతుంది. మరల మీద లాక్‌టైట్ జిగురు వద్దనుకున్నాం. మంచి సరుకే, కానీ ఏటా ఊడదీసి కడగాల్సిన చోట అది అడ్డే. గ్రాఫైట్ కలిపిన నూనె చాలు.

అరిగిన కోన్ సంగతి తర్వాత. మంచి కోన్ లోపల సిలికోన్ రబ్బరు పోసి అచ్చు తీశాం, బయటికి లాగితే లోపలి వంపంతా వేలెడంత ముక్కలో కనబడింది, గొంతు దగ్గర లేత్ గీతల జాడ కూడా. ఆ అచ్చు కొలతలతో డి-బిట్ (బోరు చేసే సగం కడ్డీలాంటి పనిముట్టు) చేసి కొత్త కోన్ బోరు చేయాలి. క్యాపు సరయ్యాక పాత కోన్‌తోనే రెడ్ లైన్ దాకా నిలిస్తే దాన్ని ఈ సీజను అలాగే నడిపిస్తాం.

పట్టాల వైపు, కాంక్రీటు స్లీపర్లు ఉచితంగా ఇస్తామన్నారు కానీ వాటిలో పట్టా బిగించే చీలలు 1435కే పోసి ఉంటాయి, మనకు పనికిరావు. చెక్కవే కావాలి, 2.6 మీటర్ల పొడవు మాకు సరిపోతుంది, కొత్త బెజ్జాలు వేసి పాత వాటిలో చెక్క మేకులు దిగ్గొడుతున్నాం. ఒకసారి బర్చ్ కట్టెలతో మంట పెట్టి చూడాలని కూడా ఉంది, ఈ ఇంజన్లు అక్కడ కట్టెల మీద కూడా నడిచాయి. అంతకు ముందు చిమ్నీలో నిప్పురవ్వల జాలి మార్చాలి, ఉన్నది రెండు చోట్ల చిరిగింది. జాలికి కావాల్సిన కన్ను కొలత ఎవరికైనా పాత డ్రాయింగ్‌లో కనబడితే చెప్పండి. ఈ శనివారం మాత్రం నిప్పు లేదు, లేత్ దగ్గరే పని.