దామరవాయి గుట్ట మీద సిగ్నల్ లేని మధ్యాహ్నం

మా బావమరిది కాలు విరిగింది మధ్యాహ్నం పన్నెండున్నరకు. అంబులెన్స్ ఎక్కింది సాయంత్రం ఆరు దాటాక. ఆ మధ్యలో ఏమేం జరిగిందో వివరంగా రాయాలని అప్పటి నుంచీ అనుకుంటున్నా. ఎందుకంటే మన హనుమకొండ, వరంగల్ నుంచి సెలవు దొరికితే చాలు బండ్లేసుకుని ములుగు అడవుల్లోకి పోయేవాళ్లు చాలామంది ఉన్నారు, జేబులో ఫోన్ ఉంది కదా అన్నదొక్కటే వాళ్ల ధైర్యం. మాకూ ఉన్న ధైర్యం అదే.

2024 నవంబర్. నేను, మా తమ్ముడు, మా బావమరిది. పొద్దున్నే హనుమకొండలో బయల్దేరి ములుగు, గోవిందరావుపేట మీదుగా పస్రాలో టిఫిన్ చేసి, మేడారం వెళ్లి గద్దెల దగ్గర మొక్కుకుని, అక్కడి నుంచి తాడ్వాయి రోడ్డు పట్టాం. ఆ ఏడాది ఆగస్టు చివర్లో వచ్చిన సుడిగాలికి ఆ దారి పక్క అడవిలో వేల చెట్లు కూలిపోయాయని పేపర్లో చదివాం గానీ, కళ్లతో చూస్తే వేరు. ఇద్దరు చేతులు చాచినా అందనంత లావు చెట్లు మొదట్లో మట్టిముద్దలతో సహా పెళ్లగిలి పడున్నాయి. మా తమ్ముడు బండి ఆపి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మేం చూడాలనుకున్నది దామరవాయి. తాడ్వాయి మండలంలో బాగా లోపలికి ఉన్న ఊరు. అక్కడి గుట్టల మీద బండ పలకలతో కట్టిన ఆదిమానవుల సమాధులు వందకు పైగా ఉన్నాయి, ఊళ్లోవాళ్లు రాక్షస గుళ్లు అంటారు. పక్కలకు పలకలు నిలబెట్టి, పైన ఒక్కటే పెద్ద బండ కప్పుగా వేశారు. వేల ఏళ్ల కిందటి మనుషులు, క్రేన్లు లేని కాలంలో, చనిపోయిన తమవాళ్ల కోసం అంత బరువు ఎత్తారు. మన దగ్గర రామప్పకు వెళ్లినంత మందిలో పదోవంతు కూడా ఇటు రారు, రావాలి. కానీ వచ్చేటప్పుడు ఎలా రావాలో మాకు తెలియలేదు.

ఊరి దగ్గర బండ్లు ఆపినప్పుడు ఇంటి ముందు కూర్చున్న ఒక తాత పిలిచాడు. "ఎటు పోతున్నరు బిడ్డా? ముగ్గురే పోతరా? మా పిల్లగాన్ని తోలుకపోండ్రి." పర్వాలేదు తాతా, ఫోన్లో మ్యాప్ ఉంది అన్నాను నేను. మా బావమరిది మాత్రం ఆగి, "మూడింటికల్లా దిగొస్తాం తాతా, పడమటి వైపు గుళ్లు చూసొస్తాం" అని చెప్పాడు. ఆ ఒక్క మాట ఆ రోజు మా అందరి ఫోన్ల కంటే ఎక్కువ పనిచేసింది.

పడ్డది చాలా చిన్న చోట. ఒక సమాధి కప్పు బండ పక్కకు ఒరిగి ఉంది, దాని మీద ఎండుటాకులు పరుచుకుని ఉన్నాయి, ఆకుల కింద ఇంకా రాత్రి మంచు తడి. బావమరిది ఫొటో కోసం ఒక్క అడుగు వెనక్కి వేశాడు. ఎత్తు నడుము దాకా కూడా లేదు. కానీ కాలు రెండు బండల మధ్య ఇరుక్కుని, మనిషి ఒక పక్కకు, పాదం ఇంకో పక్కకు తిరిగాయి. టప్ మన్న శబ్దం నాకు ఇంకా వినబడుతుంది. "బావా, లేవలేను" అన్నాడు, అంతే, ముఖం తెల్లబడింది.

ఫోన్లు తీశాం. ముగ్గురి దగ్గర మూడు కంపెనీల సిమ్‌లు. మూడింటిలోనూ గీతల్లేవు. మేడారం జాతర రోజుల్లో ఇవే అడవుల్లో తాత్కాలిక టవర్లు పెడతారు, లక్షల మంది వీడియో కాల్స్ మాట్లాడుకుంటారు; జాతర అయిపోగానే టవర్లూ పోతాయి, ఇక్కడ ఉండేవాళ్లు మాత్రం ఇక్కడే ఉంటారు.

ముందు కాలు సంగతి చూశాం. రెండు ఎండు వెదురు ముక్కలు అటూ ఇటూ పెట్టి, మధ్యలో తువ్వాలు మెత్తగా మడిచి, బ్యాగు పట్టీలతో కట్టాం. పాదాన్ని తిప్పి సరిచేయడానికి ప్రయత్నించలేదు. ప్రతి పది నిమిషాలకూ వేళ్లు గిల్లుతూ "తెలుస్తోందా" అని అడగడం, చల్లబడుతున్నాయనిపిస్తే కట్టు కొంచెం వదులు చేయడం. తమ్ముడు టెన్షన్‌తో నిలబడలేకపోతున్నాడు. "అన్నా, నేను సిగ్నల్ దొరికేదాకా పరిగెత్తుతా" అన్నాడు. నేను వెళ్లమన్నాను. అక్కడే తప్పు చేశాను. వాణ్ణి ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, ఎటు పోవాలో, ఎవరికి ఏం చెప్పాలో కాగితం మీద రాసిచ్చి పంపాల్సింది. ఉత్త చేతులతో పంపాను.

వాడు పోయాక బావమరిది తన బ్యాగు ఛాతీ పట్టీ బకిల్ చూపించాడు. చిటికెన వేలంత ప్లాస్టిక్ ముక్క, దాని కొసకు సన్నటి రంధ్రం. ట్రెక్కింగ్ బ్యాగుల్లో చాలావాటికి ఆ బకిలే ఈల. ఇది ఈలని నాకు ఆ రోజు దాకా తెలియదు. కొండలెక్కేవాళ్ల లెక్క బావమరిదికి తెలుసు: నిమిషంలో ఆరుసార్లు ఊదాలి, ఒక నిమిషం ఆగాలి, మళ్లీ ఆరు. విన్నవాళ్లు నిమిషానికి మూడుసార్లు బదులివ్వాలి. ఆ ఆగే నిమిషం ఎందుకో చేస్తేనే అర్థమైంది, అది మనం చెవి పెట్టి వినడానికి. నోటితో అరిస్తే అరగంటలో గొంతు పోతుంది, ఈల పోదు.

గంటన్నర ఊదాం. మధ్యలో నేను రెండు పనులు చేశాను. ఒకటి, ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాను, లేకపోతే సిగ్నల్ వెతుక్కుంటూ బ్యాటరీ మొత్తం తాగేస్తుంది. రెండోది, సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, అది ఉపగ్రహాల నుంచి వచ్చేది కదా, టవర్‌తో సంబంధం లేదు. కాకపోతే నెట్ సాయం లేనప్పుడు ఆలస్యంగా పట్టుకుంటుంది. చెట్ల నీడలోంచి ఖాళీ బండ మీదికి వచ్చి ఫోన్ పట్టుకుని నిలబడితే కొన్ని నిమిషాలకు మేమున్న చోటు చెప్పే రెండు అంకెలు (అక్షాంశం, రేఖాంశం) వచ్చాయి, 18తో మొదలయ్యేది ఒకటి, 80తో మొదలయ్యేది ఒకటి. పెట్రోల్ బంకు బిల్లు వెనక ఇలా రాశాను: "తాడ్వాయి మండలం, దామరవాయి గుట్ట, పడమటి వైపు రాక్షస గుళ్లు. మగ, 27 ఏళ్లు. ఎడమ కాలు మడమ పైన విరిగింది. తెలివిలో ఉన్నాడు, రక్తం పోవట్లేదు. నడవలేడు. మొయ్యాలి." కింద ఆ రెండు అంకెలు, టైమ్, నా ఫోన్ నంబర్.

రెండు దాటాక ఆగే నిమిషంలో ఒక కేక వినబడింది. "కూ..." అని పొడుగ్గా. పశువులు కాసేవాళ్లు ఒకరికొకరు వేసుకునే కేక. నేను ఈల, అటు నుంచి కేక, మళ్లీ ఈల. గుట్టలకు శబ్దం తగిలి అటూ ఇటూ వినిపిస్తుంది, అతనికి మేం ఏ వైపు ఉన్నామో తేలడానికే ఇరవై నిమిషాలు పట్టిందట. ఆవుల మెడల్లో చెక్క గంటల చప్పుడు ముందు వచ్చింది, తర్వాత మనిషి. ఒక్క ప్రశ్న కూడా వేయలేదు, బావమరిది కాలు చూసి కాగితం తీసుకుని దిగిపోయాడు. పశువులను మా దగ్గరే వదిలేశాడు.

నాలుగున్నరకు తాత వచ్చాడు. వెంట ఆరుగురు, భుజాల మీద నులక మంచం, దానికి అటూ ఇటూ రెండు వెదురు బొంగులు కట్టి ఉన్నాయి. మూడు దాటినా మేం దిగకపోయేసరికి తాత అప్పటికే మనుషులను పోగేస్తున్నాడట, అంతలో కాపరి చేరాడు. పడమటి వైపు అని ముందే చెప్పాం కాబట్టి అడ్డదారిన వచ్చారు. వర్షాకాలంలో వాగులు పొంగినప్పుడు పురిటి నొప్పులొచ్చిన ఆడవాళ్లను ఇలాగే మోస్తామని దారిలో ఒకాయన చాలా మామూలుగా చెప్పాడు.

కింద ఊరి బయట చింతచెట్టు దగ్గర ఒక్కచోటే సిగ్నల్ పడుతుంది. తాత మనవడు అప్పటికే అక్కడికెళ్లి 108కి ఫోన్ చేసి నా కాగితం ఉన్నది ఉన్నట్టు చదివాడు. వాళ్లు అడిగేవి కూడా అవే: ఊరు, మండలం, గుర్తు, ఎంతమంది, తెలివిలో ఉన్నాడా, రక్తం పోతోందా. మేం ఊళ్లోకి దిగేసరికి అంబులెన్స్ దారిలో ఉంది. మా తమ్ముడు దారి తప్పి, వాగు వెంట తిరిగి తిరిగి నాలుగింటికి ఎక్కడో రోడ్డు మీద తేలాడు. వాడూ ఫోన్ చేశాడు, కానీ "గుట్ట మీద ఉన్నారు, తొందరగా రండి" తప్ప ఇంకేమీ చెప్పలేకపోయాడు. పాపం వాడి తప్పేం లేదు, వాడి చేతిలో కాగితం లేదు.

వాడు చెప్పిన ఇంకో మాట నన్ను ఇప్పటికీ వదలట్లేదు. పోయిన ఇరవై నిమిషాలకే పక్క గుట్ట మీద వాడి ఫోన్లో "ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ" అని వచ్చిందట. అంటే సిగ్నల్ లేదనుకుని జేబులో పెట్టేసుకున్నాడు. నేనైనా అదే చేసేవాణ్ణి. ఆ మాటకు అర్థం మన కంపెనీ టవర్ అందట్లేదు, ఇంకో కంపెనీ టవర్ అందుతోంది, ఎమర్జెన్సీ నంబర్ 112 కొడితే దాని మీదుగా కలుస్తుంది అని. ఒంటిగంటన్నరకే కలిసేది. ఏమీ లేదని పూర్తిగా ఖాళీగా చూపిస్తేనే 112 కూడా కలవదు.

కబురు చేరితే ఏమవుతుందో ఇక్కడే మన కళ్ల ముందు జరిగింది. 2023 జూలైలో వెంకటాపురం మండలంలో ముత్యాలధార జలపాతానికి వెళ్లిన ఎనభై మంది దాకా వాగు పొంగి అడవిలో చిక్కుకుపోతే, ఎలాగో పోలీసులకు కబురు చేరింది కాబట్టి ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు సహాయ దళం) వాళ్లు రాత్రంతా కష్టపడి తెల్లవారేసరికి అందరినీ బయటికి తెచ్చారు. శాటిలైట్ ఫోన్ కొనుక్కోకూడదా అని మమ్మల్ని చాలామంది అడిగారు. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ గానీ, విదేశాల్లో ట్రెక్కర్లు పెట్టుకునే శాటిలైట్ బటన్ పరికరాలు గానీ దగ్గర పెట్టుకోవడం నేరం. తెలియక తెచ్చుకున్న విదేశీ టూరిస్టులను విమానాశ్రయాల్లోనే పట్టుకున్నారు. కాబట్టి మనకున్నది ఈల, కాగితం, ఊళ్లో చెప్పిపోయే మాట.

బావమరిది కాలికి ప్లేటు వేశారు, ఇప్పుడు బాగానే నడుస్తున్నాడు. నెల తర్వాత నేను, తమ్ముడు మళ్లీ దామరవాయి వెళ్లాం. మోసేటప్పుడు తాత మంచం నులక ఒక పక్క తెగిపోయింది, కొత్త నులక తీసుకెళ్లాం. తాత వద్దనలేదు, చుట్ట విప్పి పట్టుకుని చూసి "గట్టిగున్నది" అని లోపల పెట్టాడు. తర్వాత మనవడు మమ్మల్ని చింతచెట్టు దగ్గరికి తీసుకెళ్లాడు. మొదలుకు నిలువెత్తున ఒక మేకు కొట్టి ఉంది, దానికి ప్లాస్టిక్ కవర్లో ఎవరిదో ఫోన్ వేలాడుతోంది, మెసేజ్‌లు పడటానికట. పక్కన నిలబడి మా తమ్ముడు హనుమకొండకు ఫోన్ చేశాడు. "బావా, చింతచెట్టు కిందున్నా. రెండు గీతలున్నాయి. తాత నీ కాలెట్లుందని అడుగుతుండు, ఇదిగో మాట్లాడు."