ఫ్యాను రొద తప్ప ఫలితం లేని రాత్రి
మూడు వారాలుగా ఒకే ప్రశ్న నన్ను వదలలేదు: చేతికి వచ్చిన ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ ఫైళ్లను, అంటే ఏ జన్యువు ఎంత చురుగ్గా ఉందో చెప్పే డేటాను, దేనితో విశ్లేషించాలి? ప్రోగ్రామింగ్ నాకు ఓనమాల దగ్గరే ఆగిపోయింది. ఆర్‌ఎన్‌ఏ ముక్కలు జీనోములో (జీవి మొత్తం డీఎన్‌ఏలో) ఏ చోటివో వెతికిపెట్టే, అందరూ మెచ్చుకునే స్టార్ అనే ప్రోగ్రాముతో మొదలుపెట్టాను. మనిషి జీనోముకైతే దానికి దాదాపు 30 గిగాబైట్ల మెమరీ కావాలి. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది 8. రాత్రంతా ఫ్యాను రొదే మిగిలింది.

చివరికి గెలాక్సీ అనే విశ్లేషణ వెబ్‌సైటు దగ్గర తేలాను. ఉచితం, పని అంతా బ్రౌజర్‌లోనే, బరువు మోసేది దాని సర్వర్లు. అందులోని పనిముట్లలో ఫాస్ట్‌క్యూసీతో రీడ్ల (సీక్వెన్సింగ్ యంత్రం చదివిన ముక్కల) నాణ్యత చూసి, హైశాట్2తో వాటిని జీనోముకు జతచేసి, ఏ జన్యువుకు ఎన్ని రీడ్లు పడ్డాయో ఫీచర్‌కౌంట్స్‌తో లెక్కపెట్టించాను. ఒక్క కమాండు కూడా టైపు చేయలేదు. ప్రతి మెట్టూ, అందులో నేను పెట్టిన అమరికలూ హిస్టరీలో నిలిచి ఉంటాయి. నాలాంటి మతిమరుపు మనిషికి ఇంతకన్నా ఏమి కావాలి!

అయితే బటన్లు నొక్కడం తేలికైనంత మాత్రాన తప్పులు ఆగవు. శాంపిళ్ల గుంపుల మధ్య ఏ జన్యువుల చురుకు మారిందో తేల్చే డీసెక్2కు నేను ముందే టీపీఎమ్‌గా (జన్యువు పొడవుకూ మొత్తం రీడ్లకూ తగ్గట్టు సర్దిన కొలతగా) మార్చిన అంకెలు ఇచ్చాను. దానికి కావలసినవి పచ్చి లెక్కలు, అంటే పూర్ణాంకాలు. ఒక్కో శాంపిల్‌లో రీడ్లు ఎక్కువతక్కువగా ఉంటే ఆ తేడాను అదే సర్దుకుంటుంది. దశాంశాలు చూసి మొరాయించింది కాబట్టి బతికిపోయాను. తెలివి ఉపయోగించి వాటిని గుండ్రం చేసి ఇచ్చి ఉంటే, కిక్కురుమనకుండా తప్పుడు జాబితా చేతిలో పెట్టేది.

గ్రాఫులు మాత్రం ఇంకా నాకు నచ్చిన తీరులో రావడం లేదు. వాటి కోసమే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష పుస్తకం తెరిచాను. ప్రస్తుతం రెండో అధ్యాయం.