నములుతున్న బొమ్మ, పోయిన నా పరువు

చేతికి తొడిగే బొమ్మతో క్లాసులో పిల్లలకి పాఠం చెప్పబోయి పడ్డ మూడు వారాల అవస్థ నిన్నటితో ఒక కొలిక్కి వచ్చింది. మంట చల్లారకముందే రాసేస్తున్నా.

బొమ్మ చేయడం గంట పని. పాత సాక్సు, నోట్లో మడిచి అతికించిన అట్టముక్క, బట్టతో కత్తిరించిన కళ్లు. గుండీలు కుట్టలేదు. ఊడితే పిల్లలు నోట్లో పెట్టుకుంటారు.

ట్రైనింగ్‌లో రెండు రోజులూ ఈ గంట పనే నేర్పారు. ఏ జిగురు, ఏ దారం, జుట్టుకి ఏ రంగు ఊలు. చేతికి తొడుక్కున్నాక ఏం చేయాలో ఒక్క ముక్క చెప్పలేదు. సర్టిఫికెట్ మాత్రం లామినేషన్ చేసి మరీ ఇచ్చారు.

మొదటి రోజు ఎదురుగా ఇరవై మంది, నాలుగైదేళ్ల వాళ్లు. వెనక కుర్చీలో ప్రిన్సిపల్ మేడం. గొంతు కీచుగా పెట్టి "పిల్లలూ, నేను టింకూని" అన్నాను.

"టీచర్, అది మాట్లాడట్లేదు, నములుతోంది" అంది ముందు కూర్చున్న పిల్ల.

"పైకెందుకు చూస్తోంది? బల్లి ఉందా?" అన్నాడు ఇంకొకడు. క్లాసంతా తలెత్తి బల్లి కోసం వెతికింది. కంగారులో బొమ్మని ఒక బుడ్డోడి మొహం దాకా తీసుకెళ్లా. వాడు బావురుమన్నాడు. మేడం నవ్వాపుకుంటూ ఏదో రాసుకున్నారు. ఏం రాశారో అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు.

రాత్రి అద్దం ముందు నిలబడితే తెలిసింది, పిల్లలు అన్నది అక్షరాలా నిజం. నేను మాట పలికేటప్పుడు బొమ్మ నోరు మూస్తున్నా. పలికేటప్పుడే తెరవాలి. ఒక్కో అక్షరానికి ఒకసారి, అంటే "నేను టింకూని"కి ఐదు సార్లు. అదీ పై వేళ్లు ఎత్తి కాదు, బొటనవేలు దించి. పై వేళ్లు లేస్తే తల వెనక్కి వాలుతుంది, చూపు కప్పుకి పోతుంది. బల్లి రహస్యం అదీ! పెదవులు కదపకుండా మాట్లాడే విద్య అక్కర్లేదు. మనం బొమ్మ వైపు చూస్తే పిల్లలూ అటే చూస్తారు. ఇక్కడ నాలుగు వాక్యాల్లో రాసేశాను కదా, రెండు రోజుల్లో వాళ్లకి నోరు రాలేదు.

మొన్న టింకూని లెక్కల పాఠంలోకి దించా. 1983లో రోషెల్ గెల్మన్, ఎలిజబెత్ మెక్ అనే పరిశోధకులు బొమ్మ చేత తప్పు లెక్కపెట్టించి చూస్తే, మూడు నాలుగేళ్ల పిల్లలు కూడా పట్టేశారని చదివాను. టింకూ "ఒకటి, రెండు, మూడు, ఐదు" అనగానే ఇరవై గొంతులు లేచాయి. నేనడిగితే నోరు మెదపని వాళ్లు కూడా దానికి పాఠం చెప్పారు. దాన్ని క్లాసులో ఇలా వాడాలన్న ఆలోచన మాత్రం నాదే, ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు.

ఏడ్చిన బుడ్డోడు ఇంకా దూరంగానే కూర్చుంటాడు. పిలవడం మానేశా. బొమ్మని బల్ల మీద పడుకోబెట్టి నా పని చేసుకుంటుంటే, తనే వచ్చి ఓసారి ముట్టుకుని పోతున్నాడు.

నిన్న "నములుతోంది" అన్న పిల్ల తనకీ కావాలంది. తొడిగాను. భేషుగ్గా నమిలింది. నాకెంత హాయిగా ఉందో! ఆ తర్వాతే బొటనవేలి సంగతి చెప్పాను.