బావ బండిలో టిక్కెట్టు లేని ప్రయాణికులు

కొండలు చూశాం, జలపాతం చూశాం, సరస్సు ఒడ్డున బండి ఆపుకుని పడుకున్నాం. ఆ ఫొటోలు చుట్టాలందరికీ చూపించడం కూడా అయిపోయింది. నాకు మాత్రం ఈ ప్రయాణం అనగానే దారిలో ఓ మెకానిక్ షెడ్డూ, అక్కడ బావ మోటార్‌హోమ్ (లోపలే మంచం, సింకు అన్నీ ఉండే బండి) కింద నేను టార్చిలైటు పట్టుకుని వెల్లకిలా పడుకున్న మధ్యాహ్నమూ గుర్తొస్తాయి.

చలికాలమంతా బండి షెడ్డులోనే ఉంది. ఎక్కగానే గుప్పున కలరా ఉండల కంపు. సీటు కింద, మంచం కింద, గిన్నెల అరలో, ఎక్కడ చూసినా అవే. వాటికి తోడు మూలమూలనా పుదీనా నూనెలో ముంచిన దూది. గోడకి ఒక చిన్న డబ్బా, మనకి వినిపించని శబ్దం చేసి ఎలుకల్ని తరిమేస్తుందట. "చీమని కూడా రానివ్వను" అన్నాడు బావ. అక్క ముక్కు మూసుకుని కిటికీ పక్కన కూర్చుంది.

ఎండెక్కాక ఏసీ వేశాం. ముందు ఏదో ముక్కిన వాసన, ఆ తర్వాత ఉచ్చ కంపు. బావ బ్లోవర్ పెంచాడు. దాంతో డాష్‌బోర్డు సందులోంచి టిష్యూ కాగితం తునకలూ, బూడిదరంగు పీచూ ఎగిరొచ్చి అక్క ఒళ్లో పడ్డాయి. ఒక్క క్షణం ఎవరం మాట్లాడలేదు. ఆ తర్వాత అక్క మాట్లాడింది, చాలాసేపు మాట్లాడింది. ఏసీ ఆపి అద్దాలు దించి, వేడిగాలి మొహాన కొడుతుంటే పోయాం. కాసేపటికి కుడివైపు ఇండికేటర్ కూడా పోయింది. ఇక ఆపక తప్పలేదు.

ఆ మెకానిక్ తక్కువ మాటల మనిషి. మేం చెప్పింది సగం విని, గ్లవ్‌బాక్స్ ఊడదీసి లోపలి గాలి ఫిల్టర్ బయటకి లాగాడు. దాని మడతల మధ్య సీటు స్పాంజీ, టిష్యూ, బోనెట్ కింది పీచు అన్నీ కలిపి గుండ్రంగా అల్లిన గూడు. చుట్టూ బియ్యపు గింజంత నల్లటి పెంటికలు. బావ చీపురు అందుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"దులపకండి సార్. ఆ దుమ్ము పీలిస్తే జబ్బులొస్తాయి."

హాంటా వైరస్ లాంటివి కొన్నిరకాల ఎలుకల ఉచ్చ, పెంటికల నుంచి ఆ దారినే మనుషులకి అంటుకుంటాయి. ఊడ్చకూడదు, వాక్యూమ్ కూడా పెట్టకూడదు. అతను చేతులకి తొడుగులు వేసుకుని, ఒకపాలు బ్లీచుకి తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి ఆ చోటంతా బాగా తడిపాడు. అయిదు నిమిషాలు ఆగి కాగితంతో తుడిచి, సంచిలో మూటకట్టి పారేశాడు. ఫిల్టర్ కొత్తది వేశాడు. ఇండికేటర్ వైరు కొరికి ఉన్న చోట అతికాడు. ఎలుక పళ్లు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి దానికి ఏదో ఒకటి కొరక్క తప్పదు. ఈమధ్య వైర్లకి సోయాతో చేసిన తొడుగు వేస్తున్నారని, అందుకే కొరుకుతున్నాయని బావ వాదం. "ఆ సోయా లేనప్పటి బండ్లు కూడా బాగుచేశాను సార్" అన్నాడతను. అతికిన వైరుకి కారం పట్టించిన టేపు చుట్టాడు. అలాంటిది హోండా వాళ్లే అమ్ముతారని అప్పుడే తెలిసింది.

తర్వాత చెవి మీదున్న పెన్సిల్ తీసి బావకి చూపించాడు.

"ఇది దూరే సందు ఉంటే చుంచు దూరినట్టే."

అంటే 6 మిల్లీమీటర్లు. తల పడితే చాలు, మిగతా ఒళ్లు సర్దుకుని వచ్చేస్తుంది. సందులు ఎలా పట్టాలో కూడా అతనే చెప్పాడు. బావ లోపల తెరలన్నీ దించేసి చీకటి చేసుకున్నాడు. నేను కింద పడుకుని, టార్చి వేసి అంగుళం అంగుళం జరుపుతూ పోయాను. "సింకు కింద! వెలుగొస్తోంది!" అని పైనుంచి అరుపు. నేను అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టడం. మళ్లీ అరుపు. నీళ్ల గొట్టం దిగే చోట, గ్యాసు పైపు దగ్గర, కరెంటు తీగ లోపలికి లాగే మూత వెనక, మెట్టు మడత దగ్గర. కంపెనీలో పైపు కోసం పెట్టిన బెజ్జం పైపు కంటే రెండింతలుంది. ఇంత ఖరీదైన బండికి అడుగున అలా బెజ్జాలు వదిలేశారేమిటని నాకు ఒళ్లు మండింది. బావ మాత్రం ఒక్కో వెలుగు కనబడినప్పుడల్లా నిధి దొరికినట్టు సంబరపడ్డాడు.

కొన్ని చోట్ల ఇదివరకే ఎవరో నురగ కొట్టి మూశారు. ఎలుకలు దాన్ని కొరికి దారి చేసుకున్నాయి. అతను రాగి జాలీని కుక్కి కుక్కి పెట్టి పైన సీలెంట్ పూశాడు. స్టీలు పీచు కూడా పనిచేస్తుంది గానీ రోడ్డు తడికి తుప్పు పట్టి రాలిపోతుందట. అద్దం కింద గాలి లోపలికొచ్చే చోట సన్నటి ఇనప జాలీ బిగించాడు. హీటర్ పొగగొట్టం జోలికి మాత్రం పోలేదు. దాన్ని మూస్తే పొగ లోపలే తిరిగి మనుషుల ప్రాణం మీదికొస్తుంది.

బావ మొహమాటపడుతూ తన ఆయుధాల సంగతి అడిగాడు. పుదీనా నూనె కొద్దిరోజుల్లో ఆరిపోతుంది. కలరా ఉండల ఆవిరి ఎలుకని తరిమేంత చిక్కగా ఉంటే ఆ బండిలో మనం పడుకోకూడదు. ఆ శబ్దం సోఫా దాటి కూడా పోదు, పైగా ఎలుక దానికి అలవాటు పడిపోతుంది. (2001లోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి డబ్బాలు చేసేవాళ్లకీ అమ్మేవాళ్లకీ, మీ ప్రకటనలకి ఆధారాలు ఉండాలని హెచ్చరిక ఉత్తరాలు రాసింది. డబ్బాలు ఇంకా అమ్ముడవుతూనే ఉన్నాయి.)

"మందు పెట్టారా సార్?"

"లేదు."

"బతికిపోయారు. తిని పోయి ఏ పలక వెనకో చచ్చేది. బండంతా విప్పాలి."

సరస్సు దగ్గర రాత్రి పడుకున్నాక తలపైన గరగరమని చప్పుడు. దారులన్నీ మూసినప్పుడు లోపల ఉండిపోయిన దొరవారు! మెకానిక్ చెప్పినట్టే, ఎర ఉన్న కొస గోడకి ఆనేలా, అడ్డంగా కొట్టుడు బోను పెట్టాం. ఎలుక నడిమధ్యలో తిరగదు, గోడ పట్టుకునే పోతుంది. వేరుశనగ వెన్న రాస్తే లాక్కుపోలేదు, నాకుతూ నిలబడాలి. తెల్లారేసరికి పని అయిపోయింది. ఇంకోటి ఉందేమోనని అక్క మళ్లీ పెట్టించింది. ఉంది.

చూలు మోయడం మూడు వారాలు, ఈతకి అయిదారు పిల్లలు, ఆ పిల్లలు ఆరువారాలకే మళ్లీ ఈతకి సిద్ధం. చలికాలం మొదట్లో చూలుతో ఒక్కటి ఎక్కినా ఏమవుతుందో లెక్కేసుకుంటే అక్కకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాకూ పట్టలేదనుకోండి.

తిరిగొచ్చాక బండిని షెడ్డులో పెట్టే పని అక్క తన చేతుల్లోకి తీసుకుంది. తిండి సరే, సబ్బులు, టిష్యూ డబ్బాలు, పరుపులు కూడా దించేసింది. షెడ్డు పక్కన పేర్చిన కట్టెలు తీయించింది, గడ్డి కొట్టించింది. ఖాళీ బండిలో బోన్లు పెట్టి, వారం వారం చూడమని బావకి అప్పజెప్పింది. వచ్చే ప్రయాణం ఎప్పుడు పెట్టుకుందామని బావ అడిగితే, ముందు ఫిల్టర్ తీసి చూపించు, ఆ తర్వాత చెబుతానంది.