అమ్మ పేరున ఇచ్చానన్నాను, రసీదులో నా పేరుంది

2021 క్రిస్మస్. గుంటూరులో ఆరాధన ముగించుకుని ఇంటికొచ్చి, అరిసెలూ జంతికలూ ముందు పెట్టుకుని అందరం హాల్లో కూర్చున్నాం. ఏటా ఆ వేళకి నేను హైదరాబాదు నుంచి తెచ్చిన బట్టలు పంచుతాను. ఆ ఏడాది తేలేదు. కరోనాలో మా సంఘంలోనే కొన్ని ఇళ్లు ఎలా చితికిపోయాయో చూశాక బట్టల షాపుకి వెళ్లబుద్ధి కాలేదు. ఆ డబ్బంతా ఇంట్లో ఒక్కొక్కరి పేరునా ఒక ట్రస్టుకి విరాళంగా పంపి, తలా ఒక కవరు చేతిలో పెట్టాను. లోపల ఒక రసీదు, ఒక ప్రింటు కార్డు.

అమ్మ కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నా పేరునన్నావు, దీంట్లో నీ పేరుందేంట్రా?" అంది.

నిజమే. కార్డు మీద "ప్రియమైన దాతకు" అని ఉంది, రసీదు మీద నా పేరు, నా పాన్ నంబరు ఉన్నాయి. ఎవరి పేర్లు వేయాలో ట్రస్టుకి మెయిల్లో రాసి పంపాను, వాళ్లు పట్టించుకోలేదు. నాన్న "కుడిచెయ్యి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదంటారు, నువ్వు కాగితాలు పంచుతున్నావు" అన్నారు. కోప్పడలేదు, మామూలుగానే అన్నారు. అక్క కూతురు అప్పటికి తొమ్మిదేళ్లది. కవరు తలకిందులు చేసి దులిపింది, ఇంకేమైనా రాలుతుందేమోనని. అది చూసి నాకు కడుపులో దేవినట్టయింది. పెద్దవాళ్ల సంగతెలా ఉన్నా, పసిదాని పండగ నేను తీసేసుకున్నాను.

ఇవ్వడం తప్పు కాదని ఇప్పటికీ అంటాను. కానీ అమ్మకిచ్చిన కానుకలో అమ్మ లేదు. ఆ ట్రస్టును నేనే ఎంచాను, డబ్బూ నేనే కట్టాను, ఇంట్లోవాళ్లకి కబురు మాత్రం అందించాను. మరుసటి ఏడాది అక్టోబరులోనే మొదలుపెట్టి, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగాను.

అమ్మకి అంతకుముందు తాడిగడపలోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలో శుక్లం ఆపరేషన్ అయింది. ఎవరికివ్వాలమ్మా అంటే ఆలోచించకుండా చెప్పింది: "నా పక్కన కూర్చున్నావిడ గుర్తుందా, దివిసీమ నుంచొచ్చింది? ఆవిడకి పైసా తీసుకోకుండా చేశారు. అలాంటి ఇంకో మనిషికి చెయ్యి." 1987లో హైదరాబాదులో మొదలైనప్పటి నుంచీ ఆ ఆసుపత్రిలో కట్టగలిగినవాళ్లు కడతారు, కట్టలేనివాళ్లకి ఉచితంగా చేస్తారు. సినిమాలు తీసిన ఎల్.వి.ప్రసాద్ గారి కుటుంబం భూమీ డబ్బూ ఇచ్చింది కాబట్టి ఆయన పేరు పెట్టారని నాన్న చెబితే అమ్మ ఆశ్చర్యపోయింది. అన్నాళ్లూ ఆయన కంటి డాక్టరనే అనుకుందట.

ఈసారి రసీదు సంగతి ముందే కనుక్కున్నాను. డబ్బు ఎవరి ఖాతా నుంచి వెళ్తే, ఎవరి పాన్ ఇస్తే, రసీదు వాళ్ల పేరునే వస్తుంది. విరాళానికి ఆదాయపు పన్నులో అప్పట్లో 80జి సెక్షను కింద ఇచ్చే మినహాయింపు కూడా వాళ్లకే, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. నగదైతే 2,000 రూపాయలు దాటితే మినహాయింపు లేదు. తర్వాత ట్రస్టు మే నెలాఖరులోగా ఫారం 10బిఇ అనే పత్రం ఇవ్వాల్సి ఉండేది, రిటర్ను వేసేటప్పుడు అదే ఆధారం. అమ్మకి ఆదాయం లేదు కాబట్టి తన పేరున ఇస్తే ఆ మినహాయింపు ఎవరికీ అక్కరకు రాదు. వదులుకున్నాను. డబ్బు అమ్మ ఖాతాలో వేశాను, తన ఫోను నుంచే పంపించాను. ఆఖరి క్షణంలో "ఆగు" అని లోపలికి వెళ్లి, బియ్యం డబ్బాలో దాచుకున్న ఐదు వందల నోటు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ ఐదు వందలూ కలిపి పంపాం. రసీదులో అమ్మ ఇంటిపేరుతో సహా వచ్చింది.

డాలస్‌లో ఉన్న తమ్ముడు కూడా కలుస్తానన్నాడు. వాడిప్పుడు అమెరికా పౌరుడు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు విదేశంలో సంపాదించుకున్నది బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మారితే వస్తుంది. అప్పుడు తీసుకునే సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఆ సంస్థకున్న ఖాతాకే రావాలి. మేమనుకున్న చిన్న సంస్థలకి అవేవీ లేవు. "నా డబ్బు ఇక్కడే ఇస్తాలే" అని వాడు వాళ్ల ఊరి ఫుడ్ బ్యాంకుకి నాన్న పేరున ఇచ్చాడు.

అక్క నర్సు. డబ్బు వద్దంది. తన కాన్పప్పుడు రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు, ఎవరిచ్చారో తెలియదు. "నా పేరున రక్తమివ్వు" అంది. రెడ్‌క్రాస్‌కి వెళ్లి ఇచ్చాను. మగవాళ్లు మూడు నెలలకోసారి ఇవ్వొచ్చు, అందుకని మార్చిలో మళ్లీ వెళ్లాను.

మేనకోడలికి ముందుగా దానికి కావాల్సిన స్కేట్స్ కొన్నాను. ఆ తర్వాతే అడిగాను, ఇంకెవరికైనా ఇద్దామా అని. పిల్లల హాస్టల్ అంది. ఫోన్ చేస్తే అక్కడి వార్డెనమ్మ నిర్మొహమాటంగా చెప్పారు: "డిసెంబరు నెలంతా కేకులూ బిర్యానీలే బాబూ, పిల్లలకి కడుపు నొప్పులొస్తున్నాయి. జూన్‌లో రండి, బడి తెరిచేటప్పుడు బూట్లు కావాలి." ఇంకో మాట కూడా చెప్పారు: పిల్లల ఫొటోలు తీయకూడదు, వాట్సాప్‌లో పెట్టకూడదు. బాలల న్యాయ చట్టంలో 74వ సెక్షను సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టొద్దంటుంది. అసలు చట్టం దాకా ఎందుకు, మన ఇంటి పిల్ల తిండి తింటుంటే ఎవరో ఫొటో తీస్తే ఊరుకుంటామా? డబ్బు విడిగా తీసిపెట్టాం. జూన్‌లో వార్డెనమ్మ ఇచ్చిన సైజుల చీటీ పట్టుకుని పద్నాలుగు జతలు కొన్నాం. మేనకోడలు ప్రతి జతలోనూ లేసులున్నాయో లేదో తనే చూసింది.

నాన్నది ఆఖరున తేలింది. ఆయన లెక్కల మాస్టారుగా రిటైరైన జిల్లా పరిషత్ హైస్కూలుకి నోటుపుస్తకాలిద్దామనుకున్నాను. హెడ్మాస్టరు గారు "అవి ప్రభుత్వం ఇస్తోందండీ. పదో తరగతికి సాయంత్రం స్టడీ అవర్లు పెట్టాం. పిల్లలు మధ్యాహ్నం తిన్న అన్నంతోనే ఆరున్నర దాకా కూర్చుంటున్నారు" అన్నారు. గుగ్గిళ్లు పెడదామన్నాను. శనగలు ఒకరోజు, పెసలు ఒకరోజు. మొత్తం ఖర్చు నేను నాన్నకి ఏటా కొనే ప్యాంటు, షర్టు కన్నా మరీ ఎక్కువ కాలేదు.

ఆ క్రిస్మస్‌కి అమ్మకి చీర తెచ్చాను, చిన్నదే. ప్రింటు కార్డులు లేవు. ఒక్కొక్కరికీ చేత్తో ఉత్తరం రాశాను, ఎవరికి వెళ్లిందో, వాళ్లు ఏం చెబితే అది ఎంచామో. నాన్న ఉత్తరం చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. ఎడమచేతి మాట మళ్లీ అనలేదు.

జనవరిలో బడి తెరిచాక ఆయనే సైకిలు మీద స్కూలుకి వెళ్లడం మొదలుపెట్టారు. గుగ్గిళ్లు పొట్లాలు కట్టించి, పిల్లలు తింటుండగా బోర్డు దగ్గరికి వెళ్లి ఒక లెక్క చెప్పేవారట. ఫిబ్రవరిలో ఒకరోజు ఫోన్ చేస్తే అమ్మ ఎత్తింది. "ఏడైంది, ఇంకా రాలేదు మీ నాన్న. త్రికోణమితి మిగిలిపోయిందట" అంది.