దీక్షలో గడ్డం ఎందుకు తీయరు?

శ్రావణ బహుళ విదియకు మంత్రాలయం వెళ్లినవాళ్లు గమనించే ఉంటారు. 1671లో రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం (సజీవ సమాధి) చేసిన తిథి అది. తుంగభద్రలో మునిగి, బృందావన దర్శనం చేసుకుని, మంత్రాక్షతల కోసం పీఠాధిపతుల దగ్గరికి వెళ్తాం. మామూలుగా నున్నటి క్షౌరంతో కనిపించే ఆ పీఠాధిపతికి అప్పుడు గడ్డం ఉంటుంది. "ఒంట్లో బాగాలేదేమో పాపం" అని వెనక ఎవరో అనడం విన్నాను.

అది చాతుర్మాస్య దీక్ష. వానల్లో నేలమీద పురుగూ పుట్రా ఎక్కువ. కాలికింద పడి చస్తాయని యతులు సంచారం మాని ఒకేచోట ఉంటారు. పేరుకు నాలుగు నెలలు. పక్షాన్నే మాసంగా లెక్కేసి, ఆషాఢ పౌర్ణమి నుంచి భాద్రపద పౌర్ణమి దాకా పాటించడం వాడుక. ముందు ముండనం, ఆ తర్వాత దీక్ష ముగిసేదాకా కత్తి తగలదు.

సోమయాగమనే వైదిక క్రతువు చేసే యజమాని (యాగకర్త) కూడా దీక్షకు ముందు జుట్టు, గడ్డం, గోళ్లు తీయించుకోవాలి. వెంట్రుకలు చచ్చిన చర్మం, యాగానికి పనికిరావు అని కృష్ణయజుర్వేదంలోని తైత్తిరీయ సంహిత కారణం చెబుతుంది. మనుస్మృతి ఆరో అధ్యాయమైతే వానప్రస్థుణ్ణి జడలూ గడ్డమూ పెంచమంటుంది, సన్న్యాసిని తీసేయమంటుంది. ఒకే మనిషికి ఆశ్రమం (జీవితదశ) మారితే నియమం తిరగబడుతుంది. అందుకే గడ్డం పవిత్రమా కాదా అన్న వాదన నాకు రుచించదు. పెంచడమో తీయడమో మన ఇష్టానికి వదలకపోవడంలోనే దీక్ష ఉందనుకుంటాను.

కార్తీకం వస్తే కర్నూలు వీధుల్లో నల్లబట్టల అయ్యప్ప సాములే. వాళ్ల దీక్ష ఒక మండలం, అంటే 41 రోజులు. మొదట్లో ఏమీ అనిపించదు. రెండో వారంలో మెడకింద దురద మొదలవుతుంది. తల తిప్పితే తులసిమాల పూసల సందున వెంట్రుక ఇరుక్కుని చురుక్కుమంటుంది. అద్దం ముందు నిలబడిన కన్నెసామిని (మొదటిసారి మాల వేసుకున్నవాణ్ణి) "ఏం సామీ, పెండ్లిచూపులు ఉండాయా?" అని గురుసామి ఆటపట్టిస్తాడు.

ఈమధ్య కొందరు ట్రిమ్మర్‌తో అంచులు షేప్ చేసుకుంటున్నారు. అది ఫ్యాషన్ గడ్డం, దానికి మాల అక్కర్లేదు. ఉద్యోగం ఒప్పుకోక తీయాల్సి వచ్చేవాళ్ల సంగతి వేరు. వాళ్లు మాల వేసుకునే ముందే గురుసామితో చెప్పుకుని, మిగతా నియమాలు గట్టిగా పట్టుకుంటే చాలని నా అభిప్రాయం.